సోనార్‌క్యూబ్ రివ్యూ: కొత్త అప్పును గుమ్మంలోనే ఆపుతుంది, పాత అప్పు మాత్రం మన నెత్తినే

టెక్నికల్ డెట్ (తర్వాత సరిచేద్దామని వదిలేసిన కోడ్ మన మీద మోపే అప్పు) కొలిచే టూల్ ఒకటి చెప్పమంటే ఎక్కువమంది నోట ముందు వచ్చే పేరు సోనార్‌క్యూబ్. 2008లో స్విట్జర్లాండ్‌లో మొదలైన సోనార్‌సోర్స్ కంపెనీది. 2013 దాకా దీని పేరు ఉత్త సోనారే. కోడ్‌ని నడపకుండానే చదివేస్తుంది. బగ్గులు, సెక్యూరిటీ లోపాలు, చదవలేనంత మెలికలు పడ్డ ఫంక్షన్లు, కాపీ కొట్టిన ముక్కలు ఏరి చూపిస్తుంది. ఇవన్నీ బాగుచేయడానికి ఎన్ని రోజులు పడుతుందో కూడా లెక్కగట్టి చెబుతుంది. ఆ రోజుల లెక్క చూసి మోజుపడి పెట్టుకునేవాళ్లు చాలామంది. ఈ టూల్లో అన్నిటికన్నా బలహీనమైన భాగం సరిగ్గా అదే. దీని అసలు బలం పుల్ రిక్వెస్ట్ (మార్పును ప్రధాన కోడ్‌లో కలపమని పెట్టే విన్నపం) దగ్గర కాపు కాసి కొత్త చెత్తను లోపలికి రానివ్వకపోవడంలో ఉంది. ఈ తేడా పట్టించుకోకుండా పెట్టుకున్న టీముల్లో కొన్నాళ్లకు డాష్‌బోర్డు తెరిచే నాథుడే ఉండడు.

రోజుల లెక్క ఎక్కడి నుంచి వస్తుంది

ప్రతి రూల్‌కీ మరమ్మతు సమయం ముందే రాసిపెట్టి ఉంటుంది. మెయింటెయినబిలిటీ కింద దొరికిన ఇష్యూల సమయాలన్నీ కూడితే వచ్చేదే తెరమీది టెక్నికల్ డెట్. రోజంటే 8 గంటలు. ఆ మొత్తాన్ని, అసలు ఆ కోడంతా రాయడానికి అయ్యే ఖర్చుతో భాగిస్తే డెట్ రేషియో వస్తుంది. ఆ ఖర్చుకు డిఫాల్ట్ లెక్క లైనుకు 30 నిమిషాలు. రేషియో 5% లోపు ఉంటే గ్రేడు ఏ, 10% దాకా బి, 20% దాకా సి, 50% దాకా డి, అది దాటితే ఇ.

లక్ష లైన్ల ప్రాజెక్టు ఒకటి తీసుకోండి. లైనుకు 30 నిమిషాల చొప్పున 30 లక్షల నిమిషాలు, అంటే 50,000 గంటలు, అంటే 6,250 పనిదినాలు. అందులో 5% అంటే 312 రోజులు. ఒక మనిషి ఏడాదంతా ఇదే పని మీద కూర్చున్నా తీరని అప్పు ఉన్నా, గ్రేడు మాత్రం నిక్షేపంగా ఏ. ఎంత ముసలి కోడ్‌బేస్ అయినా డాష్‌బోర్డులో పచ్చగా కళకళలాడుతూ కనిపించడానికి కారణం ఇదే. ఆ పేజీ చూపించి మేనేజర్‌ని రీఫ్యాక్టరింగ్‌కి (చేసే పని మారకుండా కోడ్‌ని చక్కదిద్దడానికి) సమయం అడిగితే 'ఏ వచ్చింది కదా, ఇంకేం కావాలి' అంటాడు. తప్పు ఆయనది కాదు. లైనుకు 30 నిమిషాలన్న సంఖ్యను అడ్మిన్ సెట్టింగుల్లో తగ్గించుకోవచ్చు. 10 చేస్తే ఏ గ్రేడు హద్దు 104 రోజులకు దిగుతుంది. మార్చాక గ్రాఫ్‌లో ఒక్కసారిగా మెట్టు పడుతుంది కాబట్టి ముందే అందరి చెవినా వేసి మార్చండి.

విడివిడి ఇష్యూల సమయాలూ ఇలాంటివే. కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ (కోడ్ చదివి అర్థం చేసుకోవడం ఎంత కష్టమో చెప్పే కొలత) రూల్ చూడండి. ఫంక్షన్‌లో ఒక ఇఫ్ వస్తే 1 పాయింటు, దాని లోపల ఫర్ లూప్ ఉంటే దానికి 2, ఆ లూప్ లోపల మళ్లీ ఇఫ్ ఉంటే దానికి 3. మూడు లైన్లకే 6 పాయింట్లు అయ్యాయి. లోతు పెరిగేకొద్దీ శిక్ష పెరుగుతుంది, స్విచ్ మొత్తానికి మాత్రం ఒక్క పాయింటే. చదివేవాడి తలనొప్పిని ఇంత దగ్గరగా పట్టుకున్న కొలత అరుదు. హద్దు 15. ఇంతవరకూ భేషుగ్గానే ఉంది. జావాలో 60 పాయింట్లున్న ఫంక్షన్‌కి ఈ టూల్ వేసే మరమ్మతు సమయం ఎంతంటే, 5 నిమిషాలు మొదలు, హద్దు దాటిన పాయింటుకు 1 నిమిషం చొప్పున 45, వెరసి 50 నిమిషాలు. టెస్టులు లేని, నాలుగైదు చోట్ల నుంచి పిలిచే అలాంటి ఫంక్షన్‌ని ముట్టుకోవాలంటే ముందు ఉన్న ప్రవర్తనను పట్టి ఉంచే టెస్టులు రాయాలి, తర్వాత ముక్కలుగా విడగొట్టాలి, ఆపైన పిలిచే ప్రతి చోటా సరిచూడాలి. రెండు మూడు రోజులకు తక్కువ కాదు. మరోపక్క వాడని ఇంపోర్టులు ఐడీఈలో (కోడ్ రాసే ఎడిటర్‌లో) ఒక్క షార్ట్‌కట్‌తో వందల కొద్దీ ఎగిరిపోతాయి, లెక్కలో మాత్రం దేని సమయం దానికి విడిగా పడుతుంది. ఇక 'తర్వాత చేయాలి' అని టీమే తన చేత్తో రాసిపెట్టుకున్న టూడూ కామెంట్లకు పడేది 0 నిమిషాలు! అప్పు తీసుకున్నామని మనమే ఒప్పుకున్న చోట లెక్క సున్నా.

కాబట్టి ఈ సంఖ్యతో సమయం అంచనాలు వేయకండి, స్ప్రింట్ ప్లానింగ్‌లోకి తేకండి. నెలనెలా అది ఎటు కదులుతోందో చూడటానికి మాత్రం పనికొస్తుంది.

గేటు దగ్గరే దీని విలువంతా

క్వాలిటీ గేట్ అంటే కోడ్ దాటాల్సిన షరతుల జాబితా. 'సోనార్ వే' అనే డిఫాల్ట్ గేట్‌లో ఈ మధ్యకాలపు వెర్షన్లలో నాలుగు షరతులుంటాయి, నాలుగూ కొత్త కోడ్ మీదే. కొత్త ఇష్యూ ఒక్కటీ ఉండకూడదు. కొత్త సెక్యూరిటీ హాట్‌స్పాట్లన్నీ (ప్రమాదం ఉందో లేదో మనిషే తేల్చాల్సిన చోట్లు) ఎవరో ఒకరు చూసి తేల్చి ఉండాలి. కొత్త లైన్ల టెస్ట్ కవరేజ్ (టెస్టులు నడిపినప్పుడు ఎంత కోడ్ నడిచిందన్న శాతం) 80%కి తగ్గకూడదు. డూప్లికేషన్ 3% మించకూడదు. మార్పు 20 లైన్ల లోపు ఉంటే కవరేజ్, డూప్లికేషన్ షరతులను అదే పక్కన పెడుతుంది. అర్జెంటుగా వెళ్లాల్సిన రెండు లైన్ల మరమ్మతు కవరేజ్ దగ్గర ఇరుక్కోకుండా ఇది మంచి ఏర్పాటు.

టీమ్ సంబంధాలకు ఇది చేసే మేలు తక్కువేం కాదు. కోడ్ రివ్యూల్లో సగం చిరాకులు 'ఈ వేరియబుల్ వాడలేదు', 'ఎక్సెప్షన్‌ని మింగేశావు', 'ఈ ముక్క ఇంకో ఫైల్‌లో ఉంది' లాంటి మాటల దగ్గరే పుడతాయి. అవన్నీ యంత్రం చెప్పేస్తే, రివ్యూ చేసే మనిషికి డిజైన్ గురించీ బిజినెస్ రూల్ గురించీ మాట్లాడే తీరిక దొరుకుతుంది. పైగా నిన్న చేరిన జూనియర్‌కీ పదేళ్ల ఆర్కిటెక్ట్‌కీ అదే గేటు.

పేచీ వచ్చేది పాత ఫైళ్లను ముట్టుకున్నప్పుడు. టెస్టులే లేని మూడు వేల లైన్ల ఫైల్‌లో 25 లైన్లు మార్చారనుకోండి. ఆ 25 లైన్లకు 80% కవరేజ్ కావాలంటుంది గేటు, ఆ ఫైల్‌ని టెస్ట్‌లోకి ఎక్కించడమే ఒక రోజు పని. ఇక్కడ పనిచేసే దారి ఒకటుంది. కొత్త లాజిక్‌ని పాత ఫంక్షన్ మధ్యలో ఇరికించకుండా వేరే ఫంక్షన్‌గానో క్లాస్‌గానో రాసి, దానికి టెస్టులు పెట్టి, పాత ఫైల్ నుంచి రెండు మూడు లైన్లతో పిలవండి. గేటు దాటుతుంది, పాత ఫైల్ ఇంకా లావెక్కకుండానూ ఉంటుంది. ఇదీ కుదరని పాత ప్రాజెక్టులకు విడిగా ఒక గేటు చేసి కవరేజ్ 50% దగ్గర మొదలుపెట్టి, మూణ్ణెల్లకోసారి 5 చొప్పున పెంచుకుపోవడం నయం. మొత్తం కోడ్ మీద షరతులు మాత్రం పెట్టకండి. మొదటి రోజే అన్ని ప్రాజెక్టులూ ఎర్రబడతాయి, వారం తిరక్కుండా ఆ గేటును ఎలా తప్పించుకోవాలో అందరూ నేర్చేసుకుంటారు.

80% అన్నామని అసర్షన్ (ఫలితం సరైందో కాదో చూసే లైను) ఒక్కటీ లేని టెస్టులు పుట్టుకొస్తాయన్నది ఎరిగిందే. అసర్షన్ లేని టెస్టును పట్టుకునే రూల్ జావా ప్రొఫైల్‌లో (రూల్స్ జాబితాలో) ఉంది, అది పనిచేస్తోందో లేదో చూసుకోండి. పనికిమాలిన అసర్షన్‌ను పట్టుకోవడం దాని వల్ల కాదు, అది రివ్యూ చేసేవాళ్ల పని.

పెట్టుకున్న కొత్తలో తగిలే దెబ్బలు

కవరేజ్ 0% చూపించడం అందరికీ ఎదురయ్యేదే. సోనార్‌క్యూబ్ టెస్టులు నడపదు, కవరేజ్ కొలవదు. వేరే టూల్ ఇచ్చిన రిపోర్టు చదువుతుంది, అంతే. జావాలో జాకోకో అనే కవరేజ్ టూల్ ఇచ్చే ఎక్స్‌ఎంఎల్ రిపోర్టు కావాలి, బైనరీ ఫైల్ ఇస్తే చదవదు. గ్రేడిల్ అనే బిల్డ్ టూల్‌లో ఆ ఎక్స్‌ఎంఎల్ దానంతటది రాదు, రిపోర్ట్ బ్లాక్‌లో విడిగా ఆన్ చేయాలి. పైప్‌లైన్‌లో (బిల్డ్, టెస్టులు వరుసగా వాటంతటవే నడిచే ఏర్పాటులో) స్కానర్ స్టెప్, అంటే కోడ్ చదివి సర్వర్‌కి పంపే స్టెప్, టెస్టుల కన్నా ముందుంటే రిపోర్టు పుట్టకముందే వెతుకుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఇంకో తంటా ఉంది. టెస్టులు ఒక డాకర్ కంటైనర్‌లో, స్కానర్ ఇంకో కంటైనర్‌లో నడిస్తే, ఎల్‌కావ్ అనే కవరేజ్ రిపోర్టులో ఉన్న పూర్తి పాత్ ఇక్కడి ఫోల్డర్‌తో కలవదు. బిల్డ్ ఆగదు, స్కానర్ లాగ్‌లో ఫైల్ దొరకలేదన్న హెచ్చరిక ఒకటి పడి ఊరుకుంటుంది. 0% కనబడగానే డాష్‌బోర్డు వదిలేసి లాగ్ చదవండి.

ఇంకోటి గిట్ చరిత్ర. ఏ లైను ఎప్పుడు ఎవరు రాశారో గిట్ బ్లేమ్ చూసి తెలుసుకుంటుంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో చెకౌట్ స్టెప్ డిఫాల్ట్‌గా ఒక్క కమిట్ మాత్రమే తెస్తుంది. చరిత్ర లేకపోతే ఏది కొత్తో ఏది పాతో తేల్చలేదు, ఇష్యూ ఎవరికి అప్పగించాలో కూడా తెలియదు. ఫెచ్ డెప్త్ విలువ 0 పెడితే చరిత్ర మొత్తం వస్తుంది.

'కొత్త కోడ్' అంటే ఏమిటో మీరే చెప్పాలి, దీన్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లే ఎక్కువ. క్రితం వెర్షన్ నుంచి అన్నది ఒక ఎంపిక, ఇన్ని రోజుల నుంచి అన్నది ఇంకోటి, ఫలానా బ్రాంచితో పోల్చి అన్నది మరోటి. క్రితం వెర్షన్ ఎంచుకుని, ప్రాజెక్టు వెర్షన్ నంబరు ఎప్పుడూ మార్చకపోతే రెండేళ్ల కిందటి కోడ్ కూడా కొత్తదిగానే మిగిలిపోతుంది. వెర్షన్ నంబర్లు పెంచే అలవాటు లేని, రోజూ రిలీజ్ చేసే టీములకు 30 రోజుల కిటికీ సరిపోతుంది. అందులోనూ చిల్లు ఉంది. 31వ రోజున ఇష్యూ పాతదైపోయి గేటు లెక్కలోంచి జారుకుంటుంది. పుల్ రిక్వెస్ట్ దగ్గరే ఆపగలిగితే ఈ చిల్లుతో పెద్ద ఇబ్బంది లేదు.

కోడ్ ఫార్మాటర్ మొదటిసారి నడిపిన రోజు ప్రతి లైనూ మారుతుంది. అన్నీ కొత్త లైన్లయి కూర్చుంటాయి, కవరేజ్ షరతు కుప్పకూలుతుంది. ఫార్మాటింగ్‌ని ఇంకే మార్పుతోనూ కలపకుండా విడి పుల్ రిక్వెస్ట్‌గా పెట్టి, గేటు ఫెయిలవుతుందని తెలిసే, కారణం రాసి, లీడ్ చేత మెర్జ్ చేయించి, వెంటనే వెర్షన్ నంబరు పెంచేయడమే తేలిక.

పైప్‌లైన్లు నడపడానికి జెంకిన్స్ వాడేవాళ్లకు ఒక మాట. గేటు ఫలితం కోసం ఆగే స్టెప్, సోనార్‌క్యూబ్ నుంచి వెబ్‌హుక్ (ఫలితం వచ్చిందని సర్వర్ దానంతటది పంపే కబురు) వస్తేనే కదులుతుంది. వెబ్‌హుక్ పెట్టడం మరిచిపోతే టైమ్‌అవుట్ దాకా పైప్‌లైన్ అలా గుడ్లప్పగించి చూస్తూ ఉంటుంది. మిగతా పైప్‌లైన్లలో గేటు కోసం ఆగమని స్కానర్‌కే సెట్టింగ్ ఇవ్వొచ్చు, అది డిఫాల్ట్‌గా 300 సెకన్లు చూస్తుంది.

టీమ్ చేతిలో ఎలా నడుస్తుంది

ప్రతి ఇష్యూని సరిచేయొచ్చు, తప్పుడు అలారం అనొచ్చు, లేదా 'యాక్సెప్టెడ్' అని పెట్టొచ్చు. ఈ మూడోదాని పాత పేరు 'వోంట్ ఫిక్స్'. పేరు మార్చడం మంచిదే అయింది. సమస్య ఉందని తెలుసు, ఇప్పుడు ముట్టుకోవడం లేదు అన్న నిర్ణయం అది, డాష్‌బోర్డులో విడిగా కనిపిస్తుంది కూడా. కానీ యాక్సెప్ట్ చేసిన ఇష్యూ గేటును ఆపదు. అందరికీ ఆ హక్కు ఇచ్చేస్తే రిలీజ్ ముందు రోజు సాయంత్రం టపటపా యాక్సెప్టులు పడిపోతాయి. ఇష్యూలను నిర్వహించే అనుమతి టీమ్‌లో ఇద్దరికి చాలు. యాక్సెప్ట్ చేసిన ప్రతిసారీ కామెంట్‌లో కారణం, టికెట్ నంబరు, ఎప్పుడు తిరిగి చూస్తారో రాయాలన్న కట్టుబాటు పెట్టుకోండి. టూల్ దాన్ని తప్పనిసరి చేయదు, టీమే చేసుకోవాలి.

దీనికన్నా దొంగదారి ఇంకోటుంది. లైను చివర 'నోసోనార్' అని కామెంట్ రాస్తే ఆ లైను మీద అన్ని రూల్సూ నోరు మూసుకుంటాయి. అనుమతి అక్కర్లేదు, డాష్‌బోర్డులో జాడ ఉండదు. జావాలో దీని వాడకాన్ని పట్టుకునే రూల్ ఉంది, కానీ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండదు. ఆన్ చేయండి. ఏ టీమ్‌లో ఈ కామెంట్లు ఒక్కసారిగా పెరిగాయో అక్కడ ఎవరో ఇష్యూల సంఖ్యను మనుషుల పనితీరుకు కొలమానం చేసి ఉంటారు. ఇష్యూలు కమిట్ చేసినవాళ్ల పేరు మీద వాటంతటవే పడతాయి కాబట్టి ఆ పని చేయడం చాలా సుళువు, చేస్తే చెడిపోవడమూ అంతే సుళువు. పాత ఫైళ్లను బాగుచేసేందుకు ముందుకొచ్చిన మనిషి పేరు మీదే ఎక్కువ ఇష్యూలు పడతాయి మరి.

ఐడీఈలో వేసుకునే ప్లగిన్ని, అంటే ఒకప్పటి సోనార్‌లింట్‌ని, సర్వర్‌కి కలిపి పెట్టుకుంటే టీమ్ రూల్సే టైప్ చేస్తుండగా కనిపిస్తాయి. పైప్‌లైన్ అయ్యేదాకా ఆగి ఎరుపు చూసే బాధ తప్పుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఇది మొదటి రోజే వేయించండి.

రూల్స్ నచ్చకపోతే సోనార్ వే ప్రొఫైల్‌ని కాపీ చేయకండి, ఎక్స్‌టెండ్ చేయండి. కాపీ చేస్తే అది ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది, సర్వర్ అప్‌గ్రేడ్‌తో వచ్చే కొత్త రూల్స్ అందులోకి రావు. రూల్ తీసేయాలన్న పేచీ వచ్చినప్పుడు, మూడు నెలల్లో దాన్ని ఎన్నిసార్లు తప్పుడు అలారంగా మార్క్ చేశారో ఫిల్టర్ పెట్టి చూస్తే వాదన తొందరగా తెగుతుంది.

దీని కంటికి ఆననివి

1992లో ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ ఈ అప్పు పోలిక తెచ్చినప్పుడు ఆయన మనసులో ఉన్నది వాడని వేరియబుళ్లు కావు. పని చేస్తూ చేస్తూ మనకు కలిగిన అవగాహన కోడ్‌లోకి తిరిగి చేరకపోతే పెరిగే వడ్డీ గురించి ఆయన చెప్పింది. 'కస్టమర్' అన్న ఒకే క్లాస్‌లో కొనేవాడినీ, డబ్బు కట్టేవాడినీ, సరుకు అందుకునేవాడినీ కుక్కేసిన డిజైన్‌కి సోనార్‌క్యూబ్ ఏ గ్రేడు ఇస్తుంది, ఫంక్షన్లు పొట్టిగా ఉంటే చాలు. నలభై నిమిషాల బిల్డ్, ఒక్కరికే తెలిసిన డిప్లాయ్‌మెంట్, నాలుగు సర్వీసులు చెయ్యి పెడుతున్న ఒకే డేటాబేస్ టేబుల్, ఇవేవీ దాని లెక్కలోకి రావు. పాతబడిన లైబ్రరీలను అప్‌డేట్ చేయించడానికి రెనోవేట్ గానీ డిపెండాబాట్ గానీ విడిగా పెట్టుకోవాలి.

పాత అప్పులో ముందు ఏది తీర్చాలో కూడా ఇది చెప్పదు. మూడేళ్లుగా ఎవరూ తెరవని ఫైల్‌నీ, వారానికి నాలుగుసార్లు మారే ఫైల్‌నీ ఒకే గాటన కడుతుంది. మొదటిదానికి వడ్డీ పడటం లేదు, వదిలేయొచ్చు. ఈ లోటు పూడ్చడం పెద్ద పనేం కాదు. గిట్ లాగ్ నుంచి గడిచిన ఏడాదిలో ఒక్కో ఫైల్ ఎన్ని కమిట్లలో మారిందో లెక్క తీయండి. సోనార్‌క్యూబ్ ఏపీఐ నుంచి అదే ఫైల్ కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ తీయండి. రెండూ గుణించి పెద్ద సంఖ్య పైకొచ్చేలా పేర్చండి. లాక్ ఫైళ్లు, ఆటోమేటిగ్గా పుట్టిన కోడ్ ముందే తీసేయండి, లేకపోతే జాబితా తల అవే ఆక్రమిస్తాయి. పైన మిగిలే పది ఫైళ్లు చూడగానే టీమ్‌లో అందరూ తల ఊపుతారు. వాటికి టికెట్లు రాసేటప్పుడు 'రీఫ్యాక్టర్ చేయాలి' అని వదిలేయకుండా, దీనివల్ల ఏ పని ఎంత ఆలస్యమవుతోంది, ఏ ఫీచర్ వచ్చినప్పుడు ముట్టుకుంటాం, ఎవరు చూస్తారు అన్నవి రాయండి. ఈ తరహా విశ్లేషణనే ప్రధానంగా చేసే కోడ్‌సీన్ లాంటి టూల్స్ ఉన్నాయి గానీ, మొదలుపెట్టడానికి స్ప్రెడ్‌షీట్ చాలు.

సర్వర్, ఎడిషన్లు

సొంత సర్వర్ మీద పెట్టుకుంటే లోపల ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్ కూడా నడుస్తుందని గుర్తుంచుకోండి. డాకర్‌లో పైకి లేచిన వెంటనే పడిపోయిందంటే తొంభై పాళ్లు లినక్స్ హోస్ట్‌లో వర్చువల్ మెమరీ మ్యాప్‌ల హద్దు తక్కువగా ఉన్నట్టే. మామూలుగా అది 65530 ఉంటుంది, 524288 చేయాలి. కంటైనర్ లోపల మారిస్తే ఫలితం ఉండదు, హోస్ట్‌లోనే మార్చాలి. రూట్ యూజర్‌గా నడపడానికి ఎలాస్టిక్‌సెర్చ్ ఒప్పుకోదు. దానితోపాటే వచ్చే హెచ్2 డేటాబేస్ చూసి పారేయడానికే. దాని మీద ఇష్యూల చరిత్ర పోగేసుకుంటే అప్‌గ్రేడ్ రోజున మొదటికే మోసం వస్తుంది. మొదటి నుంచీ పోస్ట్‌గ్రెస్ పెట్టండి. పాత వెర్షన్ నుంచి ఒక్క గంతులో కొత్తదానికి పోలేరు. 7.9 నుంచి 8.9, అక్కణ్నుంచి 9.9, ఇలా దీర్ఘకాల మద్దతున్న వెర్షన్ల మీదుగా మెట్లు ఎక్కాలి.

ఉచితంగా దొరికే కమ్యూనిటీ బిల్డ్‌లో పుల్ రిక్వెస్ట్ విశ్లేషణ లేదు, మెయిన్ బ్రాంచి ఒక్కటే. అంటే చెత్త లోపలికొచ్చాక గేటు ఎర్రబడుతుంది. ఈ టూల్‌కున్న అసలు బలమే అందులో లేదన్నమాట. డెవలపర్ ఎడిషన్ నుంచే ఆ సౌకర్యం. ధర మనుషుల సంఖ్యను బట్టి కాదు, కోడ్ లైన్లను బట్టి. ప్రాజెక్టులో అతిపెద్ద బ్రాంచి లైన్లే లెక్క, కామెంట్లు, ఖాళీ లైన్లు, టెస్ట్ కోడ్ అందులోకి రావు. ఆటోమేటిగ్గా పుట్టిన కోడ్‌నీ, రెపోలో పడేసిన బయటి లైబ్రరీలనీ ఎక్స్‌క్లూజన్లలో పెట్టాకే లైసెన్స్ సైజు అడగండి. అలా చేయకపోతే అక్కర్లేని లైన్లకు కూడా ఏటా డబ్బు కడుతూ ఉంటారు. అందరికీ తెరిచి ఉంచిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకైతే క్లౌడ్ వెర్షన్ ఉచితం, పుల్ రిక్వెస్ట్ గేటు సహా. కొనే ముందు అలాంటి ప్రాజెక్టు ఒకదాని మీద పెట్టి, ఓ నెల గేటు ఎన్నిసార్లు ఎర్రబడిందో, అందులో ఎన్నిటికి కోడ్ మారిందో, ఎన్నిటికి యాక్సెప్ట్ నొక్కారో చూసుకోండి.